మింగినవాడు ఒక్కడే

"నిన్న పొద్దున్న తొమ్మిదీ పదిహేనుకి రుచి పరీక్ష మొదలు. తొమ్మిదీ నలభైకి ముగింపు. పన్నెండూ ఐదుకి టీ. పన్నెండూ ఇరవైకి మనిషి కుర్చీలోంచి జారి కిందపడ్డాడు. పన్నెండున్నరకి ఆ టీ కప్పు కడిగేశారు. సాయంత్రం ఆరింటికి ఆస్పత్రిలో ప్రాణం పోయింది."

ఇన్‌స్పెక్టరు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు. "ఇందులో మీకు అర్థం కానిదేముంది డిటెక్టివమ్మా?"

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు స్టేషన్లో లేరు. టైమ్‌టేబుల్ అంటారు. నిమిషాలు కూడితే నేరస్థుడు తేలతాడని ఆయన నమ్మకం. ఆ కూడిక తప్పని ఇదివరకు రెండు కేసుల్లో నేను చూపించాను. అప్పట్నుంచీ నేనాయనకి పంటి కింద రాయిని.

"ఒక్కటే అర్థం కాలేదు సార్," అన్నాను. "కప్పు కడగడం నేరం ఎప్పుడయింది? మీ ఇంట్లో తాగిన కప్పులు ఎన్నాళ్లు దాచిపెడతారు?"

గుమ్మం దగ్గరున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. టైమ్‌టేబుల్ అటు ఒక్క చూపు చూసేసరికి దగ్గు కూడా ఆగిపోయింది.

మాకెదురుగా స్టూలు మీద గిన్నెలమ్మ కూర్చునుంది. పిల్లల బలం పొడి తయారుచేసే ఈ కంపెనీలో గాజు సామానూ, రుచి చూసే కప్పులూ కడగడం ఆమె పని. పేరు పోయి పనే పేరయింది. పాతికేళ్లుంటాయి. నానిపోయి ముడతలు పడ్డ వేళ్లు ఒళ్లో పెట్టుకుని గోడ గడియారం వైపే చూస్తోంది. పదకొండు దాటి ఐదు నిమిషాలు.

"ఎవరికోసం చూస్తున్నావ్?" అడిగాను.

"ఎవరూ లేరమ్మా. పదకొండయింది కదా, మా పాప పాలు తాగే వేళ. మా అత్త గుర్తుపెట్టుకుందో లేదో."

పాపకి మూడేళ్లు. భర్త లారీ మీద వెళ్లి పదిరోజులయింది. ఇంట్లో అత్త తప్ప వేరే దిక్కు లేదు. పన్నెండు కొట్టగానే గిన్నెలమ్మని జీపెక్కిస్తానని టైమ్‌టేబుల్ ముందే చెప్పేశాడు. ఎక్కడం తేలిక, దిగడం ఎప్పుడో ఎవరికి తెలుసు? నాకూ ఇంట్లో నాలుగేళ్లది ఉంది. పనిలో ఉన్నప్పుడు దాని ఊసు తలుచుకోకూడదనే అనుకుంటాను. సరిగ్గా అప్పుడే తలుపు గొళ్లెం పెట్టారో లేదో అని గుండె జల్లుమంటుంది.

చనిపోయినాయన్ని ఇక్కడ అందరూ పెద్దరుచి అనేవారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన నాలుక మీద పడకుండా ఈ కంపెనీ సరుకు ఏదీ గేటు దాటలేదు. రక్తంలో గుండెజబ్బుకిచ్చే మందు ఒకటి, మోతాదుకి ఎన్నో రెట్లు దొరికింది. ఆయనకి గుండెజబ్బే లేదు, ఆ మందు ఎన్నడూ వాడలేదు. ఆయన కూతురే నన్ను పెట్టుకుంది.

"మీకు నేనే చెప్తాను వినండి," టైమ్‌టేబుల్ వేళ్లు మడిచాడు. "ఆ మందు ఒంట్లో కలిస్తే అరగంట లోపే పని మొదలుపెడుతుందని డాక్టరు మాట. పడిపోయింది పన్నెండూ ఇరవైకి. పదిహేను నిమిషాల ముందు టీ ఇచ్చిందెవరు? ఈవిడ. ఈవిడ అత్తకి గుండెజబ్బు. ఏ మాత్రలు మింగుతుందో తెలుసా? అవే. ఇంకా వినండి. టీ ఇచ్చేటప్పుడు పెద్దాయన ఈవిణ్ణి తిట్టాడు. సాయంత్రం గేటు దగ్గర సంచీ తెరవమంటే తెరవకుండా గుండెకి హత్తుకుని పరిగెత్తింది. వాచ్‌మన్ కళ్లారా చూశాడు."

"ఎందుకు తిట్టాడు?" అడిగాను గిన్నెలమ్మని.

"కప్పు పసుపుగా ఉందన్నారమ్మా. కడగడం రాదా, అంచంతా పసుపు అంటుకుందీ అని. ఎప్పుడూ అలా కసిరే మనిషి కాదు. నేను తోమిన కప్పు పాలలా ఉంది. ఒట్టు."

"సంచీలో ఏముంది?"

"నా టిఫిన్ బాక్సు."

"టిఫిన్ బాక్సు చూపించడానికి ఎవరైనా పరిగెత్తుతారా?" అన్నాడు టైమ్‌టేబుల్.

ఆమె అబద్ధం చెబుతోంది. చిన్నపిల్లలు చక్కెర డబ్బా ముట్టుకోలేదని చెప్పినప్పుడు పెదాలు ఎలా బిగిస్తారో అలా బిగించింది.

"పన్నెండు దాకా టైమివ్వండి సార్," అన్నాను. "రుచి గది చూసొస్తాను."

"అక్కడేముంది చూడ్డానికి? రుచి చూసింది అయిదుగురు. నలుగురు నిక్షేపంలా ఉన్నారు. విషం అక్కడ లేదని చంటిపిల్లాడు కూడా చెప్తాడు."

"చంటిపిల్లలు చాలా సంగతులు చెప్తారు సార్. వినేవాళ్లే ఉండరు."

రుచి గదిలో గోడ పొడుగునా అయిదు అరలు. ఒక్కొక్క అరలో ఒక మనిషి పట్టేంత చోటు, ఒక కుర్చీ, పలక, కలం. మీద ఎర్ర బల్బు. రంగు చూసి రుచి ఊహించుకోకుండా ఎర్ర వెలుగు పెడతారట. ఆ వెలుగులో తెలుపూ పసుపూ ఒక్కలాగే కనిపిస్తాయి. నా చీర అంచు రంగు నేనే పోల్చుకోలేకపోయాను.

ప్రతి అరలో రెండు కప్పులుంటాయి. ఒకటి రుచి చూసేది, రెండోది మూతకప్పు. పొడిని పుల్లటి పళ్లరసంలో కలిపిస్తారు. నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి, ఆ మూతకప్పులో ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించి కాగితం మీద రాయాలి. ఏడాది పొడుగునా రుచి చూసేవాళ్లు అన్నీ మింగితే ఇంకేమన్నా ఉందా?

మూతకప్పులు ఒక్కొక్కటే తీశాను. ఒకటి, రెండు, నాలుగు, అయిదు అరలవి. తోమి తోమి అడుగున గీతలు పడ్డాయి. మూడో అరది పెద్దరుచిది. మూత తియ్యబోతే బిగుసుకుపోయి రాలేదు. చీరకొంగుతో పట్టుకుని తిప్పితే కిర్రుమని వచ్చింది. లోపల కొన్ననాటి ధర చీటీ అలాగే అతికి ఉంది. దాని మీద ఒక్క తడి మరక లేదు.

ఆయన ఎన్నడూ ఉమ్మలేదు.

నలుగురు ఉమ్మారు. ఒక్కడు మింగాడు.

ఫోను తీసి ఆస్పత్రి డాక్టరుకి చేశాను. "ఒకే ప్రశ్న సార్. ఆ మందు ఎక్కువైతే కళ్లకేమన్నా అవుతుందా?"

"అవుతుందమ్మా. కొందరికి చూసినవన్నీ పసుపు రంగుగా కనిపిస్తాయి. ఎందుకు?"

"తెల్లకప్పు ఒకటి అన్యాయంగా తిట్లు తింది సార్," అని పెట్టేశాను.

అంటే టీ చేతికి అందేసరికే మందు ఆయన ఒంట్లో ఉంది. ఇంకొక్కటి చూడాలి. గోడకి వేలాడదీసిన పుస్తకంలో నిన్నటి పేజీ తీశాను. పొట్లం విప్పినప్పుడు రెండొందల గ్రాములు. కప్పుల్లో వాడింది నూరు. మిగిలింది నూరు, 'పారబోయడమైనది' అని గిన్నెలమ్మ వంకర సంతకం. ప్రతిరోజూ అదే మాట, అదే సంతకం. మిగిలిన పొడి తొట్టిలో పోసి నీళ్లు వదలాలని కంపెనీ నియమం.

ఎర్ర బల్బు ఆర్పి, ఫోను లైటు వేసి తొట్టిలోకి వంగాను. తెల్లటి పింగాణీ, ముత్యంలా మెరుస్తోంది. జాలీ పైకెత్తాను. అదీ తెలుపే. ఈ కంపెనీ పొడులన్నిట్లోనూ పసుపు ఉంటుంది. పసుపు పని ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. ఒక్క చెంచా ఒలికితే గచ్చు పది రోజులు మర్చిపోదు. ఏడాదిగా రోజూ నూరు గ్రాములు పోసిన తొట్టిలో మరక లేదంటే, పోసేవాళ్లు పోయడం లేదన్నమాట.

అయితే నిన్నటి నూరు గ్రాములు ఎక్కడ?

పదకొండూ ఇరవై అయిదు.

నిన్నటి శాంపిల్ తయారుచేసిన గోలీల డాక్టరు గది వసారా చివర ఉంది. మందులిచ్చే డాక్టరు కాదు, చదువు డాక్టరు. కంటికి కనపడని గోలీలు చేస్తాడని ఆ పేరు. యాభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు తుడిచి తుడిచి ముక్కు మీద మచ్చపడింది.

"నేను పదో తరగతి గుమ్మం దాటలేదు సార్," అన్నాను. "మీ గోలీల సంగతి వంటింటి భాషలో చెప్పండి."

ఆయన ముఖం వెలిగింది. ఎనిమిదేళ్లుగా ఎవరైనా అడుగుతారా అని కాచుకున్నట్టుంది. "పసుపులో ఉన్న సారం ఒంటికి మంచిదమ్మా. కానీ చేదు. పైగా ఉత్తగా తింటే ఒంటికి పట్టేలోపే పాడైపోతుంది. అందుకని సముద్రపు నాచు జిగురూ, రొయ్య పెంకుల్లోంచి తీసిన పదార్థమూ కలిపి పొరగా చుడతాం. వెంట్రుక మందంలో అలాంటివి నాలుగొందలు వరసగా పేర్చొచ్చు."

"ఆ పొర ఎప్పుడు విప్పుకుంటుంది?"

"పులుపులో మూసుకునే ఉంటుంది. కడుపులోదీ పులుపే కదా, అక్కడా విప్పదు. పేగుల్లోకి దిగాక పులుపు పోతుంది. అప్పుడు తాపీగా తెరుచుకుని లోపలున్నది వదులుతుంది. అందుకే పుల్లటి పళ్లరసంలోనే కలపమంటాం."

"తాపీగా అంటే?"

"రెండున్నర గంటలు. మూడు గంటలనుకోండి."

తొమ్మిదీ పదిహేను నుంచి మూడు గంటలు. టైమ్‌టేబుల్ అక్కర్లేదు, వేళ్లు చాలు.

"లోపల పసుపుసారం బదులు ఇంకోటి పెడితే?"

తుడుస్తున్న గుడ్డ ఆగింది. "ఇంకోటంటే?"

"చేదుగా ఉండేదేదైనా. నోటికి తెలియకూడనిది."

"పెట్టొచ్చు... సిద్ధాంతరీత్యా." నవ్వబోయాడు. "ఇన్‌స్పెక్టరుగారు టీలో అన్నారే?"

"నిన్నటి శాంపిల్ పొట్లం ఎవరు కట్టారు?"

"మా లాబ్‌లోంచే వస్తుంది. నలుగురి చేతులు పడతాయి."

"పెద్దరుచి మింగుతారని ఎంతమందికి తెలుసు?"

"అందరూ..." అని ఆగాడు. "నాకు తెలీదు."

ఒక్క ఊపిరిలో రెండు జవాబులు. నేను చేతిలోని కాగితాలు బల్ల మీద పరిచాను. రుచి పరీక్ష కాగితాలు తాళం వేసిన పెట్టెలో పడతాయి. శనివారం దాకా ఎవరూ తియ్యరు. పెద్దరుచి కూతురి పేరు చెప్పి, ఇటొచ్చే ముందే మేనేజరు ఎదురుగా తీయించాను, ఫైల్లో ఉన్న పాతవాటితో సహా. పెద్దరుచి రాసిన పాత నాలుగు కాగితాల మీద ఒకే రకం మాట: 'మింగాక గొంతులో చేదు. గోలీ కారుతోంది. వద్దు.'

"నాలుగుసార్లు మీ పొడిని వెనక్కి కొట్టారు. అయిదోసారీ కొడితే మీ గది మూసేస్తారట కదా?"

"ముసలాయన పట్టుదల అది," అన్నాడు. "ప్రపంచమంతా ఉమ్మేస్తుంది. ఆయనొక్కడే మింగుతాడు. మింగితేనే నిజం తెలుస్తుందట! ఎనిమిదేళ్ల కష్టం, ఆయన గొంతులో చేదుకి..."

తెలీదన్న మనిషి. అయిదో కాగితం ముందుకు జరిపాను. నిన్నటిది.

'ఈసారి చేదు ఆనవాలు లేదు. గోలీ నిలబడింది. నాకు సమ్మతమే. పిల్లలకివ్వొచ్చు.'

ఆయన చదివాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ చదివాడు. "ఒప్పుకున్నాడా?" అన్నాడు. కాసేపాగి మళ్లీ, "ఒప్పుకున్నాడా?" అన్నాడు.

సంతోషించాల్సిన మనిషి గోడ పట్టుకుని నిలబడ్డాడు. అనుమానం వేరు, సాక్ష్యం వేరు. నా దగ్గరున్నది మొదటిదే.

"రండి సార్," అన్నాను. "ఇన్‌స్పెక్టరుగారికి ఆ గోలీ సంగతి మీ నోటితో చెబుదురుగాని."

పదకొండూ నలభై అయిదుకి మేం గదిలోకి వచ్చేసరికి గిన్నెలమ్మ లేచి నిలబడి ఉంది. పక్కన కానిస్టేబులు.

"ఇంకా పదిహేను నిమిషాలుంది సార్."

"నా వాచీ కొంచెం ముందుంటుంది," అన్నాడు టైమ్‌టేబుల్.

"విషం టీలో లేదు. పొద్దున్న కప్పులో ఉంది. నలుగురు ఉమ్మేశారు, ఆయన మింగారు. మూడు గంటలు కడుపులో నిద్రపోయి లేచింది. ఈ డాక్టరుగారి గోలీలు అలా పనిచేస్తాయి. టీ అందుకునేసరికే ఆయన కళ్లకి తెల్లకప్పు పసుపుగా కనిపించింది. కావాలంటే ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి."

టైమ్‌టేబుల్ చెయ్యి తెలియకుండానే జేబులో కాగితం మీదికి వెళ్లింది. కానీ ఓడిపోయానని ఒప్పుకోవడం ఆయనకి అలవాటు లేదు. "సరే, పొద్దున్న కప్పే అనుకుందాం. ఆ కప్పులు సర్దింది కూడా ఈవిడే కదా! సంచీ సంగతేంటి? నా ఉద్యోగం పణం పెడతాను, అందులో విషం సీసా ఉంది."

నేను గిన్నెలమ్మ ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆమె చేతులు పట్టుకున్నాను. మంచులా ఉన్నాయి.

"తొట్టి చూశాను. ఒక్క మరక లేదు," అన్నాను మెల్లగా. "పొడి పారబొయ్యడం లేదు నువ్వు. ఏం చేస్తున్నావ్?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఉద్యోగం పోతుందని భయమా? ఇవాళ పోయేది ఉద్యోగం కాదమ్మా."

"పారబొయ్యడానికి మనసొప్పదమ్మా." ఏడుపు ముంచుకొచ్చింది. "డబ్బా కొనాలంటే నా వారం కూలీ. బలం పొడి, బంగారంలాంటిది, రోజూ నూరు గ్రాములు తొట్టిలో పొయ్యమంటారు. మా పాప చూస్తే ఈనుపుల్ల. కాఫీ సీసాలో పోసుకుని పట్టుకెళ్తాను. దొంగతనమే. కొట్టండి, తిట్టండి. అంతేగానీ ఆయన్ని నేనెందుకు చంపుతానమ్మా?"

టైమ్‌టేబుల్ కళ్లు చిట్లించాడు. "అంటే నిన్న సంచీలో..."

"నిన్న మిగిలిందే సార్. పొద్దున్న అత్తకిచ్చి వచ్చాను, పదకొండింటికి పాపకి కలిపి..."

మాట మధ్యలో ఆగింది. తను ఏం చెప్పిందో ఆమెకి అప్పుడు అర్థమైంది. నాకు ఒక్క క్షణం ముందు అర్థమైంది. ఆ పొట్లంలో విషం ఉందని తెలిసిన మనిషి కన్నబిడ్డకి పంపదు. ఆమె నిర్దోషి అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ సాక్ష్యాన్ని మూడేళ్ల పిల్ల తాగేసి ఉంటుంది.

"అమ్మా!" అని ఆమె గోడవైపు చూసింది. పదకొండూ యాభై.

"భయపడకు," అన్నాను. "మూడు గంటలు పడుతుంది. ఇంకా రెండు గంటలు చేతిలో..."

"పాలల్లో కలిపారా?"

గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది ఆ కేక. గోలీల డాక్టరు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పాలల్లోనా? పాలల్లో పులుపుండదు! గ్లాసులోనే పొర విప్పేసుకుంటుంది, మూడు గంటలుండదు! ఎవరు పట్టుకెళ్లమన్నారు? మిగిలింది పారబొయ్యాలి కదా! నియమం అది! మింగేది ఆయనొక్కడే కదా, ఇంకెవరూ..."

ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అప్పటికే వదలాల్సిందంతా వదిలేశాడు.

టైమ్‌టేబుల్ అరిచాడు. "ఆయన్ని పట్టుకో! జీపు స్టార్ట్ చెయ్యమను! ఇల్లెక్కడమ్మా నీది?" అంటూనే గిన్నెలమ్మ భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. జేబులోని కాగితం జారి కిందపడింది. ఆయన వంగలేదు.

నేను గిన్నెలమ్మ చెప్పిన నంబరు నొక్కుతూ వాళ్ల వెనకే పరిగెత్తాను. మోగుతోంది. మోగుతోంది. జీపు మెట్టు మీద కాలు పెట్టాక అవతల ఎత్తారు. గిన్నెలమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుని స్పీకరు నొక్కింది.

"అత్తయ్యా! పాప పాలు తాగిందా?"

"ఏం తాగడమే, నీ కూతురు!" ముసలమ్మ గొంతు విసుగ్గా వచ్చింది. "ఒక్క గుక్క నోట్లో పోసుకుని, చేదూ చేదూ అని నా చీరంతా ఉమ్మేసింది. నువ్వు తెచ్చే పొడి ఎప్పుడూ ఇంత చేదుండదే. ఇదిగో, ఇక్కడే బొమ్మలతో ఆడుకుంటోంది."

గిన్నెలమ్మ జీపు మెట్టు మీదే కూలబడిపోయింది. టైమ్‌టేబుల్ టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. నాకూ ఊపిరి వచ్చింది. ఆ బలహీనమైన పిల్ల నాలుక పెద్దరుచి నాలుకలా పనిచేసింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పారబొయ్యడానికి మనసొప్పని ఇల్లు అది.

"అవ్వా," ఫోను మీదికి వంగాను. "మిగతా పాలు ఏం చేశావ్?"

"ఎవరమ్మా నువ్వు? ఏం చేస్తాను, బంగారంలాంటి పాలు. ముక్కు మూసుకుని నేనే తాగేశాను."

గుండెజబ్బు. అవే మాత్రలు, పొద్దున్న ఒకటి ఎలాగూ పడి ఉంటుంది. జీపు కదిలింది.

"అవ్వా, ఫోను పెట్టకు. మేం వస్తున్నాం. గోడ మీద గడియారం ఉందా? చూడు. టైమెంతయిందో చెప్పు నాకు."

వెనకాల పాప ఏదో బొమ్మని లాలిస్తోంది.

"కనపడ్డం లేదమ్మా," అంది ముసలమ్మ, నాలుక మందంగా తిరుగుతూ. "ఇదేంటో... గడియారం మీద ఎవరో పసుపు పూసేశారు."